మూడు మంగళవారాలు

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి కాలవలో పడేశారు. పదహారేళ్లకు శిక్షలు పడ్డాయి. ఇరవై మూడేళ్లకు ఆ శిక్షలు రద్దయ్యాయి. ఊరిని శాసించిన పెత్తనం బోనెక్కి దిగిన యథార్థ గాథ ఇది.

మొదటి మంగళవారం

కృష్ణా పశ్చిమ డెల్టాలో ఆగస్టు అంటే నాట్ల కాలం. కాలవలకు నీళ్లొచ్చి, దమ్ము చేసిన మడులు నిండుగా ఉంటాయి. కాలు పెడితే పిక్క దాకా దిగబడుతుంది. ఆ బురదలో పుట్టి పెరిగిన కూలీ అయినా నడవగలడు గానీ పరిగెత్తలేడు. పరిగెత్తాలంటే గట్టెక్కాలి. గట్టు మీద గొడ్డలి పట్టుకుని మనిషి నిలబడి ఉంటే ఇక ఎటూ దారి లేదు.

తెనాలి నుంచి బాపట్ల వైపు వెళ్లే రైలుమార్గం మీద చుండూరు ఒక స్టేషను. 1991 ఆగస్టు 6, మంగళవారం పట్టపగలు ఆ ఊరి చేలల్లో జరిగింది ఇదే. అప్పటికి నెల రోజులుగా ఊరు ఉడికిపోతోంది. 144వ సెక్షన్ పెట్టారు. పోలీసు పికెట్ ఉంది. పోలీసులున్నారు కదా అన్న ధైర్యంతోనే దళితవాడ జనం ఇళ్లలో ఉన్నారు. ఆ రోజు ఆ పోలీసులే వాడలోకి వచ్చి, మీ మీదికి జనం వస్తున్నారు, మగవాళ్లంతా పారిపోండి అని చెప్పారని ప్రాణాలతో మిగిలినవాళ్లు తర్వాత చెప్పారు. నమ్మి ఇళ్లు వదిలారు. చేలకు అడ్డం పడి పరిగెత్తారు. గొడ్డళ్లు, ఇనుప రాడ్లు, బరిసెలు పట్టుకున్న గుంపులు ఆ చేలల్లోనే కాచుకుని ఉన్నాయి.

ఎవరు ఎక్కడ పడ్డారో వెంటనే ఎవరికీ తెలియలేదు. సాయంత్రమైనా ఇంటికి రాని మగవాళ్లు ఎక్కడో దాక్కుని ఉంటారని ఆడవాళ్లు మనసుకు సర్దిచెప్పుకున్నారు. రాత్రి గడిచింది. తెల్లారింది. ఆ తర్వాత తుంగభద్ర మురుగు కాలవలో, పంట కాలవలో ఒక్కొక్కటిగా శవాలు తేలడం మొదలైంది. కొన్నిటిని గోనె సంచుల్లో కుక్కి నీళ్లలో పడేశారు.

డెల్టాలో గోనె సంచి లేని ఇల్లు ఉండదు. ధాన్యం కొలిచి, మూతి కుట్టి, బండికెత్తడం అక్కడి పనివాళ్లకు నిత్యకృత్యం. ఏడాది పొడుగునా పంటను ఆ సంచుల్లోకి ఎత్తిన చేతులవాళ్లు ఆ సంచుల్లోనే శవాలై తేలారు. కాలవ గట్టున నిలబడి, మూతి విప్పిన సంచిలో తన బిడ్డ ఉన్నాడో మరొకరి బిడ్డ ఉన్నాడో గుర్తుపట్టాల్సి రావడం ఎంతటి శిక్ష! ఆ శిక్ష పడింది ఏ నేరమూ ఎరగని ఆడవాళ్లకు.

చనిపోయినవాళ్లు ఎనిమిది మంది.

కాలు తగిలినందుకు

ఇంత ఘోరానికి మూలమేమిటని వెతికితే ఒక సినిమా హాలు కనిపిస్తుంది. జూలై మొదటి వారంలో సినిమాకు వెళ్లిన ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లో కూర్చున్న పైకులం కుర్రాడికి తగిలింది. దళిత యువకుడు చదువుకున్నవాడు, ఒక బడిపంతులు కొడుకు. మాటా మాటా పెరిగింది. ఆ గొడవ హాల్లో ఆగలేదు. యువకుణ్ణి పట్టుకుని కొట్టారు. తండ్రినీ వదల్లేదు. ఆ తర్వాత మొత్తం వాడ మీద సాంఘిక బహిష్కరణ విధించారు. దళితులకు పొలం పనులు బంద్ అయ్యాయి. నాట్ల రోజుల్లో కూలి దొరకకపోవడమంటే ఆ ఏడాదికి తిండిగింజలు లేకపోవడమే. కూలి వెతుక్కుంటూ జనం పొరుగూళ్ల బాట పట్టారు.

నిజానికి కాలు తగలడం ఒక సాకు. చుండూరు దళితవాడలో చదువుకున్న పిల్లలున్నారు. స్టేషను పక్కనే ఉండటంతో రైల్వేలో ఉద్యోగాలు దొరికినవాళ్లున్నారు. నెలజీతం ఉన్నవాడు ఆసామి అరుగు ముందు చేతులు కట్టుకుని నిలబడడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని టిక్కెట్టు కొని అదే హాల్లో, అదే వరుసలో కూర్చుంటాడు. ఊరి పెత్తందార్లకు మింగుడుపడనిది ఆ కూర్చోవడమే. అక్కడికి దగ్గర్లోనే, 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో జరిగిందీ ఇదే. మంచినీళ్ల చెరువును గేదెల కోసం పాడు చేస్తుంటే వద్దని అడ్డుపడ్డందుకు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆరేళ్లకు చుండూరు వచ్చింది. ఊరు మారింది గానీ రోగం మారలేదు.

తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అని మురిసిపోతాం. నాటకాలు, సాహిత్యం, హేతువాదం, కమ్యూనిస్టు ఉద్యమం అన్నీ ఆ గడ్డ మీద వెలిగాయి. ఆ వెలుగుకు కొద్ది మైళ్ల దూరంలో పట్టపగలు మనుషుల్ని వేటాడారు. మన ప్రాంతపు గొప్పలు చెప్పుకునేటప్పుడు ఈ మాట కూడా కలిపి చెప్పుకోవడం మన బాధ్యత.

ఊరి నడుమ సమాధులు

చావు వార్తతో చుట్టుపక్కల పల్లెలన్నీ కదిలాయి. ప్రాణభయంతో ఊరు విడిచిన దళిత కుటుంబాలు తెనాలిలో సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో తలదాచుకున్నాయి. కారంచేడు తర్వాత పుట్టిన దళిత మహాసభ అక్కడ అండగా నిలిచింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటి నాయకులు ముందు నడిచారు. పౌరహక్కుల నాయకుడు కె. బాలగోపాల్ ఊరికి వెళ్లి చూసి రాశారు. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి ప్రభుత్వాన్ని చుండూరు పేరు నిలదీసింది.

శవాలను ఏం చేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు దళితులు తీసుకున్న నిర్ణయం మన చరిత్రలో నిలిచిపోయేది. చచ్చినవాళ్లను ఊరికి దూరంగా, ఎవరి కంటా పడని చోట పూడ్చిపెట్టి కన్నీళ్లు తుడుచుకోవడం తరతరాల అలవాటు. వాళ్లు ఆ అలవాటును కాదన్నారు. మృతదేహాలను చుండూరు తీసుకొచ్చి ఊరి నడుమ సమాధి చేశారు. ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. ఊళ్లో ఎవరు ఎటు వెళ్లినా ఆ సమాధుల్ని దాటి వెళ్లాల్సిందే.

తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో మరో దళిత యువకుడు నేలకొరిగాడు. ఇంకోవైపు పైకులాల వాళ్లు సమితిగా ఏర్పడి, మా మీద అక్రమ కేసులు పెట్టారంటూ రోడ్డెక్కారు. ఈ ఒత్తిళ్ల నడుమే దర్యాప్తు సాగింది. 219 మంది మీద అభియోగపత్రం దాఖలైంది. ఇక న్యాయం జరుగుతుందనుకున్నారు. అక్కడి నుంచి కోర్టు మెట్లు ఎక్కడానికే పదమూడేళ్లు పట్టింది.

ఊళ్లోకి వచ్చిన కోర్టు

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని పార్లమెంటు 1989లో చేసింది. 1990 జనవరి 30 నుంచి అది అమల్లోకి వచ్చింది. చుండూరు ఘాతుకం నాటికి ఆ చట్టానికి ఏడాదిన్నర వయసు. అందులో ప్రత్యేక కోర్టుల మాట ఉంది. విధి నిర్వహణలో కావాలని నిర్లక్ష్యం చూపిన అధికారికి శిక్ష వేసే నాలుగో సెక్షన్ ఉంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి.

చుండూరు దళితులు ఆ కాగితాన్ని పట్టుకుని పెద్ద కోరికే కోరారు. మేం కోర్టుకు రావడం కాదు, నేరం జరిగిన ఊరికే కోర్టు రావాలన్నారు. అందులో లోకజ్ఞానం ఉంది. కూలి మానుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని, దూరాన ఉన్న పట్నంలో వాయిదా మీద వాయిదాకు తిరిగితే పేద సాక్షి ఏడాదిలో అలసిపోతాడు. రెండో ఏడాదిలో రాజీకొస్తాడు. ఊళ్లోనే కోర్టుంటే సాక్షి వెంట వాడంతా ఉంటుంది.

నిందితుల వైపు నుంచి దీనికి గట్టి వ్యతిరేకత వచ్చింది. పై కోర్టుల దాకా వెళ్లారు. చివరికి దళితుల మాటే నెగ్గింది. తమకు నమ్మకమున్న న్యాయవాదే ప్రాసిక్యూటరుగా ఉండాలని పట్టుబట్టి, బి. చంద్రశేఖర్‌ను స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా సాధించుకున్నారు. 2004లో చుండూరులోనే విచారణ మొదలైంది. అత్యాచారాల నిరోధక చట్టం కింద, ఘటన జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు కూర్చోవడం దేశంలో అదే మొదటిసారి.

ఆ దృశ్యం విలువ తెలియాలంటే పల్లెటూరి పెత్తనం ఎలా నడుస్తుందో తెలిసుండాలి. అరుగు మీద కూర్చున్నవాడు పెద్ద. కింద నిలబడినవాడు చిన్న. ఎవరు ఎవర్ని ఎలా పిలవాలో, ఎవరు లేచి నిలబడాలో ఊరికి పుట్టుకతోనే తెలుసు. పెళ్లిలో ముందు వడ్డన ఎవరికో, పంచాయితీలో చివరి మాట ఎవరిదో కూడా తెలుసు. అలాంటి ఊళ్లో ఒక గది కోర్టయింది. న్యాయమూర్తి రాగానే పెద్దలూ లేచి నిలబడాల్సిందే. బంట్రోతు పేరు పెట్టి కేకేస్తే పలకాల్సిందే. బోనులో నిలబడి చేతులు కట్టుకోవాల్సిందే. ఎదురుగా సాక్షి బోనులో నిన్నటిదాకా వాళ్ల చేలల్లో నాట్లేసిన ఆడమనిషి. ఆమె చెయ్యెత్తి వేలు చూపితే ఆ వేలు ఎటు తిరిగిందో కోర్టు రాసుకుంటుంది.

సాక్ష్యం చెప్పడం తేలికైన పని కాదు. పదమూడేళ్ల కిందట ఎవరి చేతిలో ఏ ఆయుధం ఉంది, మీరు నిలబడిన చోటికి అది ఎన్ని గజాలు, అప్పుడు టైమెంత, మొదట పోలీసులకు ఈ పేరు ఎందుకు చెప్పలేదు అని డిఫెన్సు వకీళ్లు గుచ్చి గుచ్చి అడుగుతారు. వాళ్ల వృత్తిధర్మం అది. వాచీ లేని మనిషి, చావు తప్పించుకుని చేలో బోర్లా పడుకున్న మనిషి, నిమిషాల లెక్క ఎలా చెబుతాడు? అయినా వాళ్లు వచ్చారు. సాయంత్రం అదే ఊళ్లోకి, అదే వీధిలోకి తిరిగి వెళ్లాలని తెలిసీ వచ్చారు. ఈ కథలో నిజమైన వీరత్వం ఆ సాక్షులదే.

రెండో మంగళవారం

2007 జూలై 31. ప్రత్యేక న్యాయమూర్తి అనీస్ తీర్పు చెప్పిన రోజు. పదహారేళ్లలో నిందితుల్లో కొందరు చనిపోయారు. మిగిలినవాళ్లలో 21 మందికి యావజ్జీవ కారాగారం పడింది. 35 మందికి ఏడాది కఠిన శిక్ష పడింది. 123 మందిపై సాక్ష్యం చాలదని కోర్టు వదిలేసింది.

దళితవాడలో ఆ రోజు వచ్చిన ఏడుపులో రెండూ కలిసి ఉన్నాయి. పోయినవాళ్లు తిరిగి రారు. 123 మంది బయటికి వెళ్లారన్న బాధ ఉంది. ఉరిశిక్ష వేయలేదన్న కోపం కొందరిది. అయినా, ఈ ఊళ్లో వీళ్లు తప్పు చేశారని ప్రభుత్వ ముద్రతో ఒక కాగితం వచ్చింది. తాతల కాలం నుంచి తప్పంటే కిందివాడి తప్పే. పెద్దకులం తప్పును తప్పని రాసిన మొదటి కాగితం అది.

పెత్తనం కూలడమంటే ఏమిటో అప్పుడు చుండూరు చూసింది. ఎవరి భూములూ పోలేదు. ఎవరి మేడలూ కూలలేదు. మనల్ని ఎవడేం చేస్తాడులే అన్న ధీమా కూలింది. పోలీసు మన మాట వింటాడు, ఎమ్మెల్యే మన కులం వాడు, వకీలుకు డబ్బు మనం పడేయగలం అని పేర్చుకున్న గోడ మొత్తం ఒక్క తీర్పుతో బీటలు వారింది. మరుసటి ఏడాది, 2008లో, కారంచేడు కేసులో సుప్రీంకోర్టు ప్రధాన నిందితుడికి యావజ్జీవం ఖరారు చేసింది. కోస్తా పల్లెల్లో రోజులు మారుతున్నాయని చాలామంది నమ్మారు. ప్రాసిక్యూటర్ చంద్రశేఖర్ ఆ నమ్మకంతోనే 2012లో కన్నుమూశారు.

మూడో మంగళవారం

2014 ఏప్రిల్ 22. హైదరాబాదులో హైకోర్టు. న్యాయమూర్తులు ఎల్. నరసింహారెడ్డి, ఎం.ఎస్.కె. జైస్వాల్ ధర్మాసనం శిక్షలన్నిటినీ రద్దు చేసింది. హతులు ఏ సమయంలో చనిపోయారు, ఏ చోట చనిపోయారు, వాళ్లపై దాడి చేసింది ఎవరు అన్నవి ప్రాసిక్యూషన్ అనుమానానికి తావు లేకుండా నిరూపించలేకపోయిందని చెప్పింది. శిక్షపడిన వాళ్లంతా నిర్దోషులుగా బయటికొచ్చారు.

చట్టం దృష్టిలో నిర్దోషి అంటే నిర్దోషే. వాళ్ల పేర్లు ఇక్కడ రాయకపోవడానికి కారణం అదే. అనుమానం ఉంటే ఆ ప్రయోజనం నిందితుడికి దక్కాలన్న సూత్రం పేదవాడిని కూడా కాపాడే సూత్రం. దాన్ని ఎవరూ కాదనకూడదు. కానీ ఆ సూత్రాన్ని ఈ కేసుకు అన్వయించిన తీరును మాత్రం ప్రశ్నించి తీరాలి. చంపి, సంచుల్లో కుక్కి, నీళ్లలో పడేస్తే శవం దొరకడానికి రోజులు పడుతుంది. రోజులు గడిస్తే చావు ఘడియ డాక్టరు చెప్పలేడు. శవాన్ని తరలిస్తే చంపిన చోటు తెలియదు. సాక్ష్యం చెరిపేయడానికి హంతకులు చేసిన పనే చివరికి సాక్ష్యం చాలదనడానికి ఆధారమైంది. గుంపుగా వచ్చి చంపితే ఎవరి దెబ్బకు ఎవరు చచ్చారో చెప్పమని, ప్రాణం కోసం పరిగెత్తినవాడిని అడగడం ఏం ధర్మం?

ఇది చుండూరు ఒక్కదాని కథ కాదు. 1968 డిసెంబరు 25 రాత్రి తమిళనాడులోని కీళవెణ్మణిలో 44 మంది దళితులను గుడిసెలో పెట్టి కాల్చేశారు. కింది కోర్టు శిక్షలు వేసింది. అంతంత భూములున్న పెద్దమనుషులు స్వయంగా నడిచివెళ్లి ఇళ్లకు నిప్పు పెట్టారంటే నమ్మలేమని మద్రాసు హైకోర్టు వదిలేసింది. బీహారులోని లక్ష్మణ్‌పూర్ బాథేలో 1997 డిసెంబరు 1న 58 మందిని చంపారు. కింది కోర్టు 26 మందికి శిక్ష వేస్తే, 2013 అక్టోబరులో పాట్నా హైకోర్టు అందరినీ విడుదల చేసింది. అదే బీహారులోని బథానీ టోలాలోనూ అంతే. మూడు రాష్ట్రాలు, మూడు భాషలు. కింది కోర్టు నమ్మిన సాక్షిని పై కోర్టు నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణాలు వేర్వేరుగా రాసుండవచ్చు. ప్రతిసారీ ఓడింది మాత్రం ఒకే వాడ మనుషులు.

ఎవరు చంపినట్టు?

బాధితులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. వాళ్ల తరఫున ముందు వరసలో నిలబడ్డ బొజ్జా తారకం 2016లో వెళ్లిపోయారు. 2022లో జిల్లాల విభజనతో చుండూరు గుంటూరు జిల్లా నుంచి కొత్త బాపట్ల జిల్లాలో చేరింది. ఆనాటి సాక్షుల తలలు నెరిశాయి. కొందరు లేరు. తెనాలి, బాపట్ల, రేపల్లె బస్సుల్లో తిరిగే ఈ తరం పిల్లల్లో చాలామందికి చుండూరంటే ఒక స్టేషన్ పేరు మాత్రమే.

తప్పు చేసినవాడి మనసు ఎప్పటికైనా వాడిని తింటుందని పెద్దలు అంటారు. చేసిన పాపం చెబితే పోతుందనీ అంటారు. ఆ రోజు చేలల్లో కాచుకున్నవాళ్లలో ఎవరి గుండె ఎంత బరువెక్కిందో మనం చూడలేం. కానీ కులం అండ ఉన్నచోట అపరాధభావం నిలవదు. పక్కనున్న నలుగురూ మంచి పని చేశావంటే మనసు మొద్దుబారుతుంది. అందుకే ఇలాంటి నేరాల్లో పశ్చాత్తాపం కోసం ఎదురుచూస్తూ కూర్చోలేం. బయటి నుంచి చట్టం వచ్చి వేలెత్తి చూపాలి. చుండూరులో ఆ పని 2007 తీర్పు నుంచి 2014 రద్దు దాకా, దాదాపు ఏడేళ్ల పాటు నిలిచింది. అంతకు ముందు ఎన్నో ఏళ్లు జరగలేదు.

ఆ ఏడేళ్లు ఎలా సాధ్యమయ్యాయో గుర్తుపెట్టుకోవడమే ఇవాళ మనకు పనికొచ్చే పాఠం. కోర్టు ఊరికి వచ్చింది కాబట్టి సాక్షి నిలబడ్డాడు. ప్రాసిక్యూటరును బాధితులు ఎంచుకున్నారు కాబట్టి కేసు బతికింది. మొదటి రోజుల్లోనే శవాల వెతుకులాట, పంచనామా, వాంగ్మూలాలు సరిగా జరిగి ఉంటే హైకోర్టులో అడిగిన ప్రశ్నలకు జవాబులుండేవి. అది పోలీసులు చేయాల్సిన పని. 2016 జనవరిలో అమల్లోకొచ్చిన చట్ట సవరణ ఈ కేసులను అభియోగపత్రం వేసిన రెండు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలంటోంది. సాక్షుల రక్షణను హక్కుగా గుర్తించింది. నిర్లక్ష్యం చూపిన అధికారి మీద నాలుగో సెక్షన్ ఇంకా ఉంది. దాన్ని వాడే కలెక్టరు, ఎస్పీ కావాలి. వాడమని అడిగే పౌరులు కావాలి.

ఒక విషయంలో ఏ కోర్టుకూ అనుమానం లేదు. చుండూరులో ఎనిమిది మందిని చంపారు. 2007లో శిక్షపడినవాళ్లు చంపినట్టు రుజువు కాలేదని హైకోర్టు అంటే, మరి చంపిందెవరో వెతికి చూపించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. మళ్లీ దర్యాప్తు చేయిస్తామని ఏ ముఖ్యమంత్రీ ముందుకు రాలేదు. హత్యకేసులో హంతకుడు దొరక్కపోతే ఫైలు మూసేయవచ్చునేమో గానీ, ఎనిమిది హత్యల్లో హంతకులే లేరని ఒక ప్రభుత్వం ఊరుకుంటే ఆ తప్పులో అదీ భాగస్వామే. ఈ ప్రశ్న చుండూరు దళితవాడ ఒంటరిగా అడగాల్సింది కాదు. తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో ఓటు అడగడానికి వచ్చిన ప్రతి నాయకుణ్ణీ, అన్ని కులాలవాళ్లూ కలిసి అడగాల్సిన ప్రశ్న.